తనంతట తానే విప్పుకునే మూట

బాపు దినాలకు శాలిబండ వెళ్ళినప్పుడు సుగుణక్క నా చేతిలో ఒక చిన్న కట్ట పెట్టింది. మిర్చి బస్తాల మూతి కుట్టే సుతిలి తాడుతో అడ్డంగా, నిలువుగా బిగించి కట్టిన ఫ్లాపీలు. అన్నిటికన్నా పైనున్న దాని మీద నల్లరంగుతో ఒకటి అంకె ఉంది. అది ఎవరు వేశారో చూడగానే తెలిసిపోయింది. బస్తాల మీద మార్కా వేసే కుంచెతో వేసిన అంకె, చివర కాస్త రంగు కారి గడ్డకట్టింది. "మామ బీరువల దొరికినయి పిల్లా. అంగీల కింద పెట్టుకున్నడు. పారేద్దామంటె చెయ్యి రాలేదు," అంది సుగుణక్క. యాభై దాటిన నన్ను ఇంకా పిల్లా అని పిలిచే మనిషి ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే. ఆ కట్ట ఒళ్ళో పెట్టుకుని అంతమంది మధ్య ఏడుపు ఆపుకుంటూ కూర్చున్నాను. బాపు నాకు చుట్టం కాదు. సుగుణక్కకు మామగారు, నేను మొట్టమొదట ఉద్యోగం చేసిన ఇంటి యజమాని, అంతే. కానీ మా నాన్న తర్వాత నేను భయపడిందీ, గౌరవించిందీ ఆయన్నే.

మాది కృష్ణా జిల్లా. నాన్నకు సర్కారు కొలువు కావడంతో సంతోష్‌నగర్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు ఒకటి చేసి, ఉద్యోగం దొరక్క ఇంట్లో పప్పు రుబ్బుతూ ఉన్న రోజుల్లో, శాలిబండ వైపు ఒక గల్లీలో కిటికీకి వేలాడదీసిన రేకు బోర్డు చూశాను. "తెలుగు డీటీపీ చేయబడును" అని ఉంది. లోపలికి తొంగి చూస్తే నాకన్నా పదేళ్ళు పెద్దామె ఒకరు, కొంగు నడుముకు చుట్టుకుని, కీబోర్డు మీద రెండు చేతులా దూసుకుపోతున్నారు. "టైపొస్తదా?" అని తలెత్తకుండా అడిగింది. వస్తుందండీ అన్నాను. "అండీ గిండీ వద్దు. అక్కా అను. కూసో," అంది. సుగుణక్క దగ్గర నా ఇంటర్వ్యూ అంతటితో అయిపోయింది. పాతబస్తీకి రోజూ వెళ్ళి రావడమేమిటని నాన్న వారం రోజులు ముఖం ముడుచుకున్నాడు గానీ, అమ్మ ఒకసారి వచ్చి ఆ ఇంటి వంటగది చూసి వెళ్ళాక ఇక అడ్డు చెప్పలేదు. వంటగది శుభ్రంగా ఉన్న ఇంట్లో ఆడపిల్లకు ఏ లోటూ రాదని ఆమె లెక్క.

ఆ ఇంటికి నాలుగు తరాల వయసు. బాపు తాతలు మిర్చి వ్యాపారంలో దిగినప్పుడు కట్టించిన ఇల్లు. దుకాణం మలక్‌పేట గంజ్‌లో ఉన్నా, ఘాటు మాత్రం ఇంట్లోనే కాపురం ఉండేది. గడప దాటగానే ముందు ఒక తుమ్ము, తర్వాతే పలకరింపు. పొద్దున నేను వెళ్ళేసరికి అత్తమ్మ, అంటే బాపు భార్య, వాకిట్లో ముగ్గు ముగించి, ఇత్తడి చెంబులు చింతపండుతో తోముతూ ఉండేది. ఆమెను అందరూ అత్తమ్మా అనేవాళ్ళు, నేనూ అలాగే అన్నాను. గల్లీ మలుపులోని భట్టీ నుంచి కాలుతున్న రొట్టెల వాసన, దేవుడి గదిలోంచి సాంబ్రాణి, వీటన్నిటి అడుగున ఎండు మిరపకాయల కారం. ఈ రోజుకీ ఎక్కడైనా మిరపకాయలు వేగుతుంటే అందరూ దగ్గుతారు, నాకు మాత్రం ఆకలి వేస్తుంది.

బాపు ఆ ఇంట్లో కూర్చోగా నేను చూడలేదు. గంజ్‌లో గద్దె మీద సరే, అది దుకాణం. ఇంట్లో మాత్రం అన్నీ నిలబడే. చాయ్ సాసర్లో పోసుకుని నిలబడి తాగేవాడు, పాన్ నిలబడి చుట్టుకునేవాడు, ఇంటికి వచ్చిన చుట్టాలతో దర్వాజకు ఆనుకుని మాట్లాడేవాడు. భోజనానికి కూర్చున్నా ఒక మోకాలు ఎత్తే ఉండేది. "ఆయనను కూసోబెట్టెటోడు ఇంక పుట్టలేదు," అని అత్తమ్మ నవ్వేది. మాట కూడా అంతే, సగం చెప్పి వెళ్ళిపోయేవాడు. మిగతా సగం మనం ఊహించుకోవాలి.

సుగుణక్క డీటీపీ నడుపుతున్న ఆ ముందరి అర్ర అసలు మిర్చి నిల్వ చేసే గది. కొత్త పంట దిగినప్పుడు గంజ్‌లో పట్టని బస్తాలు అక్కడికి వచ్చేవి. పెళ్ళికి ముందు నేర్చుకున్న పని వదులుకోలేక, ఆమె పట్టుపట్టి, ఒక కంప్యూటర్ తెప్పించుకుని అందులో పెట్టుకుంది. ఆమె భర్త అవుననలేదు, కాదనలేదు. బాపు మాత్రం ఒక్క మాట అన్నాడు. "మిర్చి దిగెటాల్లకు చూద్దాం. అప్పటికి ఆ డబ్బ తన కాల్ల మీద తాను నిలవడితె ఉంటది. లేకుంటె బస్తాలొస్తయి." ఇందులో కోపం లేదు. ఆయనకు అర్ర అంటే సరుకు ఉండే చోటు. ఏ సరుకూ రాని అర్రను ఖాళీగా ఉంచడం ఆయనకు చేతకాని పని. కానీ బస్తాలు వస్తే సుగుణక్క వంటింట్లోకి వెళ్ళిపోతుందని, మళ్ళీ ఎన్నటికీ బయటికి రాదని మా ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్నాలు పని లేనప్పుడు ఆమె మానిటర్ మీద దుమ్ము తుడుస్తూ, "ఇది పోతె నాకు పిస్స లేస్తది లలితా," అనేది. పిచ్చెక్కుతుందన్న మాట నవ్వుతూనే అనేది గానీ, చెయ్యి తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచేది.

ఆ ఏడు దేవుడు పంపినట్టు విజయవాడ నుంచి ఒక పంచాంగం పని వచ్చింది. అక్కడి ప్రెస్సాయన దగ్గర తెలుగులో పట్టికలు, రాశిచక్రాలు కూర్చేవాళ్ళు లేరు. సుగుణక్క గ్రహాల గుర్తుల కోసం తనే ఒక ఫాంటు తయారు చేసుకుంది. ఈ పంచాంగం కుదిరితే ఏటా ఇదే పని, దాని వెనక ఇంకో నాలుగు పుస్తకాలు. ఉగాదికి ముందే పుస్తకం అంగళ్ళకు చేరాలి. మిర్చి దిగేదీ ఇంచుమించు అప్పుడే. మేమిద్దరం తిథులు, నక్షత్రాలు, వర్జ్యాలు కలల్లో కూడా కొడుతూ పని పూర్తి చేశాం. చేశాక తెలిసింది, అసలు కష్టం ఇప్పుడే మొదలని.

మొదటిసారి పేజీలను ఉన్నవి ఉన్నట్టు ఫ్లాపీల్లో వేసి బస్సు పార్సిల్‌లో పంపించాం. మా ఫాంట్లు వాళ్ళ మిషన్‌లో లేవు కాబట్టి పంచాంగమంతా ఇంగ్లీషు అక్షరాల ఊకలా కనిపించిందట. రెండోసారి ఫాంట్లతో సహా అన్నిటినీ కుదించి ఒక మూట చేసి పంపాం. ఆ మూటను విప్పే టూల్ వాళ్ళ దగ్గర లేదు. ప్రెస్సాయన ఫోన్ చేసి, మర్యాద తగ్గకుండానే, "అమ్మా, మూట బానే కట్టారండీ. ముడి ఎక్కడుందో మా వాడికి తెలీట్లేదు. మా ఆపరేటరుకి పేరు కొట్టి ఎంటర్ నొక్కడం వరకే వచ్చండీ. ఈసారి కూడా తెరుచుకోకపోతే ఇక్కడే ఎవరిచేతనైనా మళ్ళీ కొట్టించుకుంటాను, ఏమనుకోకండి," అన్నాడు. సుగుణక్క రిసీవర్ పెట్టేసి బయటికి చూసింది. వాకిట్లో బాపు కొత్త గోనెసంచులు దులిపించి ఎండలో ఆరేయిస్తున్నాడు.

ఆ టూల్‌కు బొమ్మలూ బటన్లూ ఉండేవి కావు. నల్లటి తెర మీద దాని పేరు కొట్టి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెడితే తనకు ఏమేం వచ్చో గబగబా చెప్పుకుపోయేది. ఆ జాబితాను ఒక్కో తెర చొప్పున ఆపుకుంటూ నేను ఇంగ్లీషులో చదవడం, అక్క దానికి అర్థం తీయడం. అలా చదువుతుంటే ఒక గుర్తు దగ్గర ఆగాం. అది తగిలిస్తే, కట్టిన మూటతో పాటు దాన్ని విప్పే ప్రోగ్రామ్ కూడా అందులోనే చేరుతుంది. అవతలివాళ్ళ దగ్గర ఏ టూలూ అక్కర్లేదు, మూట పేరు కొట్టి మీట నొక్కితే తనంతట తానే విప్పుకుంటుంది. నాకు వెంటనే మా అమ్మ గుర్తొచ్చింది. ఎవరు రైలెక్కినా అమ్మ కట్టే పొట్లంలో పులిహోరతో పాటు తినడానికి ఆకు, నంజుకోవడానికి ఊరగాయ, కాగితం మడతలో ఉప్పు, చెయ్యి తుడుచుకోవడానికి పాతగుడ్డ ముక్క కూడా ఉండేవి. తినేవాడు పక్కవాణ్ణి ఏదీ అడగకూడదు, అదీ ఆమె పట్టుదల. ఈ మాట అక్కకు చెబితే, "మీ అమ్మనే రాసినట్టుంది గీ టూలును," అంది.

పేరు ఏం పెట్టాలన్న దగ్గర అక్క చాలాసేపు ఆలోచించింది. ఎంత చిన్న పేరైతే అంత తక్కువ తప్పు అని, ఉత్త ఒకటి అంకె పెట్టింది. చేర్చు అనే అక్షరం, తనే విప్పుకునేలా చెయ్యి అనే గుర్తు, ఫ్లాపీలో పట్టినంత మేరకు ముక్కలు కొయ్యి అనే గుర్తు, ఇవన్నీ మధ్యలో ఖాళీలు మరవకుండా ఒకే వరసలో కొట్టి మీట నొక్కాను. ఒక్కో ఫ్లాపీ నిండగానే మిషన్ కూత వేసేది, ఇంకొకటి అందించేదాన్ని. తర్వాత మా మిషన్‌లో ఆ టూల్‌నూ, ఫాంట్లనూ తీసి పక్కన పెట్టి, ఇదే విజయవాడ మిషన్ అనుకుని పరీక్షించాం. ఆ సమయానికి బాపు సాసర్‌తో వచ్చి దర్వాజలో నిలబడ్డాడు.

"ఏం కొట్టాలె?" అన్నాడు.

"ఏ కొట్టి రెండు సుక్కలు పెట్టాలె మామా. పెద్ద మీట. మల్ల ఒకటి కొట్టాలె, పెద్ద మీట. కూత ఏసినప్పుడల్లా ఇంకో ఫ్లాపీ. గంతే," అంది అక్క, పెద్ద మీటంటే ఎంటర్ అని వేలు పెట్టి చూపిస్తూ.

"గంతేనా," అని సాసర్ ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు రంగు డబ్బా, కుంచె పట్టుకుని తిరిగొచ్చి, "మార్కా లేకుంట మాల్ ఎట్ల పంపుతరు?" అని ఫ్లాపీల మీద వరసగా అంకెలు వేశాడు. మాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మా పనిని ఆయన మాల్, అంటే సరుకు, అనడం అదే మొదలు.

మర్నాడు పార్సిల్ వెళ్ళింది. ఆ మర్నాడు ఫోన్ వచ్చింది. అక్క వింటూ వింటూ ముఖం పాలిపోయి, మెల్లగా తిరిగి వంటింటి వైపు చూసింది. మొదటి ఫ్లాపీ చదవట్లేదట. దాని వెండిరేకు కింద ఎర్రగా ఏదో ముద్ద కట్టిందట, వాళ్ళ డ్రైవ్ లోపల కూడా ఎర్రబడిందట. అత్తమ్మ చేతిలో గిన్నె పట్టుకునే వచ్చి మా ముఖాలు చూసి నిలబడిపోయింది.

"నేనే పెట్టిన బిడ్డా," అంది. "పార్సిల్ కట్టకముందు. మన ఇంట్లకెల్లి మొదటి మాల్ బైటికి పోతుంటె బొట్టు పెట్టకుంట ఎట్ల? మెరిసెటిదే నొసలనుకున్న. అన్నిటికి పెడ్దామనుకున్న, ఒకటికి పెడితె అన్నిటికి పెట్టినట్టే గద అని ఊకున్న."

ఆ ఇంటి ఆచారం అది. కొత్త పంటలో మొదటి బస్తా గడప దాటేటప్పుడు దానికి పసుపు రాసి, తడి కుంకుమ దిద్దుతారు. ఆ తడి కుంకుమ రేకు సందులోంచి లోపలి పలచని పళ్ళేనికి దిగిపోయింది. నేను అక్క ఏమంటుందోనని బిగుసుకుపోయాను. ఆమె రిసీవర్‌ను గుండెలకు ఆనించుకుని, "నువ్వు మంచికే పెట్టినవు అత్తమ్మా. ఏడ్వకు," అంది. ఏడుస్తున్నది మాత్రం తనే. నేను ఆమెను అంతకు ముందూ, ఆ తర్వాతా కూడా చాలామందితో పోల్చి చూసుకున్నాను. ఆ క్షణంలో ఆ మాట అనగలిగినవాళ్ళు నాకు ఇంకెవరూ తగల్లేదు.

బాపు వాకిట్లోంచి వచ్చి ఫోన్ తీసుకున్నాడు. "సేటూ, నేను సుగుణ మామను మాట్లాడుతున్న. మాల్ చెడగొట్టింది మా ఇల్లే. బదులు మాల్ మా చేత్తోనే తెచ్చిస్తం. రేపు మీ దుకాణం కాడ ఉంటం. అందాక ఎవలకు ఇయ్యకు," అని పెట్టేశాడు. తర్వాత మా వైపు తిరిగి, "గుంటూరు మార్కెట్‌కు ఎట్లయిన పోయేదుంది. మల్ల కట్టుండ్రి," అన్నాడు. తను వెళ్తానంది అక్క. "నువ్వు పోతె, ఆడ ఏమన్న తక్కువ పడితె ఈడ ఎవలు చేస్తరు? మిషిన్ కాడ నువ్వుండు," అన్నాడు. సగం మాట కాదు, ఆ రోజు పూర్తి మాటే చెప్పాడు.

కొత్త ఫ్లాపీలకు మళ్ళీ మార్కా వేసుకున్నాడు. ఖాళీ టిఫిన్ డబ్బాలో మెత్తటి బట్ట పరిచి, అందులో వాటిని సర్దాడు. మా అమ్మ పులిహోర పొట్లం పంపింది, ఆకుతో, ఉప్పుతో సహా. అత్తమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చి, అందరం ఊపిరి బిగబట్టి చూస్తుండగా, ఈసారి బొట్టు బాపు నుదుటన పెట్టింది.

మర్నాడంతా అక్క ఫోన్ పక్కనే కూర్చుంది. ఫోన్ రాలేదు. ఆ మర్నాడు పొద్దున బాపే వచ్చాడు. చెప్పులు విడుస్తూ, "తెర్సుకుంది," అన్నాడు. అంతే. టిఫిన్ డబ్బా అక్కకు ఇచ్చాడు. మూత తీస్తే ఫ్లాపీలన్నీ అందులోనే ఉన్నాయి. మాల్ దించుకున్నాక ఖాళీ సంచులు తిరిగి తెచ్చుకోవడం గంజ్ పద్ధతి కదా, అదే పద్ధతిలో తెచ్చాడు. ఆ తర్వాత అవి ఎటు పోయాయో మేం పట్టించుకోలేదు. ఆ మధ్యాహ్నం మిర్చి బస్తాల బండి గల్లీలోకి వచ్చింది. ముందరి అర్ర తలుపు దగ్గర ఆగింది. మేమిద్దరం చేతులు కీబోర్డు మీదే ఉంచుకుని వింటున్నాం. "గీడ కాదురా. ఎనక వసారలకు కొట్టుండ్రి. గీ అర్రల మాలున్నది," అని బాపు గొంతు వినిపించింది. సుగుణక్క లేచి, దేవుడి గదిలోకి వెళ్ళి, చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

ఆ తర్వాత ఆ పంచాంగం ఏటా వచ్చింది. పుస్తకాలు వచ్చాయి, పెళ్ళిపత్రికలు వచ్చాయి. నేను పెళ్ళయి, వేరే ఉద్యోగాల్లో చేరి, మళ్ళీ మళ్ళీ ఆ గడప దాటి తుమ్ముతూనే ఉన్నాను. ఇప్పుడు ఎంత పెద్ద పుస్తకమైనా ఒక లింకుగా పంపేస్తున్నాం. ఫాంట్ల బెంగ లేదు, ముక్కలు కొయ్యడం లేదు, సుఖంగానే ఉంది, కాదనను. కాకపోతే అవతల ఎవరు తెరిచారో, ఎంతసేపు చూశారో మనకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించదు. అప్పుడు ఒక పుస్తకం ఊరు దాటాలంటే ఒక ఇల్లంతా కదిలేది.

దినాల నాడు విజయవాడ నుంచి ఆ ప్రెస్సాయన కూడా వచ్చాడు. బాగా పెద్దవాడైపోయాడు, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నా ఒళ్ళోని కట్ట చూసి గుర్తుపట్టి, మా ఇద్దరి మధ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఈ సంగతి మీకు చెప్పొద్దన్నారమ్మా ఆయన. ఇప్పుడు చెప్పొచ్చనుకుంటాను," అన్నాడు. "ఆరోజు మా ఆపరేటరు రాలేదండీ, జ్వరం. ఇచ్చి వెళ్ళండి, రేపు చూస్తామన్నాను. రేపంటే ఇంకోళ్ళకి ఇచ్చేద్దామనే ఉంది నాకు, అబద్ధమెందుకు. ఆయన వినలేదు. తెరిసి సూపెట్టందే మాల్ అప్పజెప్పినట్టు కాదన్నారు. తనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఏ అక్షరం ఎక్కడుందో వెతుక్కుని, రెండు చుక్కలు ఎక్కడున్నాయో నన్నడిగి, ఒంటివేలుతో కొట్టారు. అది విప్పుకోవడం మొదలెట్టాక ఇక లేవలేదండీ. కూతేసినప్పుడల్లా ఒకటి తీసి ఒకటి పెట్టడం. కాఫీ తెప్పిస్తే అది కూడా ముట్టలేదు. అయిపోయాక మాత్రం, ఇంట్లో చెప్పకు, మళ్ళీ నన్నే కూసోబెడతరు ఆ డబ్బ ముందట అన్నారు."

ఆయన వెళ్ళాక, సుగుణక్క నా చేతిలోని కట్టను వెనక్కి తీసుకుంది. "ఇది తెర్సుకుంటదా ఇప్పుడు?" అని అడిగింది.

తర్వాతి వారం ఫ్లాపీలు చదివే చిన్న పెట్టె ఒకటి వెతికి కొని తీసుకెళ్ళాను. అదే అర్ర, కిటికీకి అదే రేకు బోర్డు, రంగు మాత్రం కొత్తది. కొత్త కంప్యూటర్ ఆ ఫ్లాపీని చదివింది గానీ, మూటను విప్పనివ్వలేదు. ఈ ప్రోగ్రామ్ ఈ కంప్యూటర్‌లో నడవదని మర్యాదగా ఒక గడి చూపించింది. ఎవరి సాయమూ అక్కర్లేదని మేం అంత గర్వంగా కట్టిన మూట. పాత మిషన్‌లా నటించే ఒక ప్రోగ్రామ్ ఉందని తెలుసు, దాన్ని దించుకుని నడిపించాను. నల్లటి తెర వచ్చింది. నేను కొట్టబోతే సుగుణక్క నా చెయ్యి పక్కకు జరిపింది. రెండు చేతులా దూసుకుపోయే మనిషి, ఒక్క వేలుతో ఏ కొట్టింది. రెండు చుక్కలు పెట్టింది. పెద్ద మీట. ఒకటి. పెద్ద మీట.

పెట్టె గుర్రుమంది. తెర మీద ఒక పేరు పడింది. చాలాసేపటికి దాని కింద ఇంకో పేరు. కాలం చెల్లిన పంచాంగం, దాని తిథులతో ఎవరికీ పని లేదు. మేం పేజీలు తెరిచి చూడనూ లేదు. ఉత్త పేర్లు పడుతుంటే చూస్తూ కూర్చున్నాం. కూత వేసింది, రెండోది అందించాను. కూత వేసింది, మూడోది అందించాను. చాయ్ తెచ్చి పెట్టారు, చల్లారిపోయింది. వెనక వసారాలోంచి మిర్చి ఘాటు వస్తోంది. సుగుణక్క తెర మీంచి చూపు తిప్పకుండా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"గింతసేపు," అంది, "గింతసేపు కూసున్నడా మామ."